మౌన శిబిరానికి వెళ్ళే చూపు లేని సాధకుడి కోసం ముందుగా మాట్లాడుకోవలసిన మాటలు

మూడేళ్ళ క్రితం గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బు) వల్ల చూపు పూర్తిగా పోయిన మీ తమ్ముడు, మౌనంగా ఉండి ధ్యానం నేర్చుకునే పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్ళాలని పట్టుదలగా ఉన్నాడనీ, దరఖాస్తు పంపితే ‘తోడుగా ఒకరిని తెచ్చుకోండి, లేదంటే తరువాత చూద్దాం’ అని జవాబు వచ్చిందనీ రాశారు. అక్కగా మీరే తోడు వెళ్ళవచ్చునా, చూపు లేని మనిషిని మాట లేని చోట పది రోజులు వదిలిపెట్టడం క్షేమమేనా అన్నవి మీ రెండు ప్రశ్నలు. నేను కూడా విశాఖపట్నం వాడినే. రేచీకటితో మొదలై నలభయ్యో ఏటికి నా చూపు పూర్తిగా పోయింది. ఆ తరువాత వేరువేరు కేంద్రాల్లో ఏడు శిబిరాల్లో కూర్చున్నాను, మూడు శిబిరాల్లో సేవకుడిగా, అంటే జీతం లేకుండా శిబిరం పనులు చూసే మనిషిగా పనిచేశాను. కాబట్టి రెండు వైపుల నుంచి చూసినదాన్ని చెప్పగలను.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. మీరు తోడు వెళ్ళలేరు. శిబిరంలో స్త్రీలకు, పురుషులకు వసతి, భోజనశాల, నడిచే స్థలం అన్నీ వేరు. ధ్యానం చేసే హాలు ఒక్కటే అయినా అందులోనూ కూర్చునే వైపులు వేరు, చాలాచోట్ల వచ్చే ద్వారాలు కూడా వేరు. మీరు వెళ్ళినా పది రోజులూ మీ తమ్ముడి పక్కకు రాలేరు. స్నేహితుడినో బావమరిదినో సాధకుడిగా వెంట పంపవచ్చు గానీ, అది కూడా నేను సలహా ఇవ్వను. తాను ధ్యానం చేయడానికి వచ్చిన మనిషి రోజంతా ‘అతను లేచాడా, పడతాడా’ అని చెవి అటే పెట్టి కూర్చుంటే ఇద్దరి సాధనా చెడుతుంది. తోడు ఎవరైనా రాదలచుకుంటే సేవకుడిగా రావడం మేలు. అయితే సేవకుడిగా తీసుకోవాలంటే ఆ వ్యక్తి అంతకుముందే ఒక పది రోజుల శిబిరం పూర్తి చేసినవాడై ఉండాలి. మీ బంధువుల్లో అటువంటివారు ఒక్కరున్నా కేంద్రం చెప్పిన అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది. లేకపోతే శిబిరంలో ఎలాగూ ఉండే సేవకుల్లో ఒకరిని ఈ పనికి కేటాయించమని అడగాలి, అది ఎలా అడగాలో కింద రాస్తాను.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక సంగతి వివరించాలి. నా మొదటి శిబిరం రెండో రోజు తెల్లవారుజామున, నాలుగు గంటల గంట మోగాక, స్నానాల గదికి వెళ్ళి తిరిగి వస్తూ దారి తప్పాను. గోడ వెంట వస్తుంటే ఎవరో పెట్టిన బకెట్లు అడ్డు తగిలాయి, వాటిని తప్పుకొని పక్కకు తిరిగాను, తిరిగిన తరువాత గోడ దొరకలేదు. అలా ఇరవై నిమిషాలు నిలబడ్డాను. నా పక్కనుంచి అడుగుల చప్పుడు వస్తూనే ఉంది, పోతూనే ఉంది. తువ్వాలు భుజాన వేసుకొని పోయేవారి సబ్బు వాసన కూడా తెలుస్తోంది. ఒక్కరూ పలకలేదు, నేనూ పలకలేదు. వాళ్ళు నన్ను చూడక కాదు, నా మౌనం వాళ్ళ వల్ల భంగం కాకూడదని పక్కకు తప్పుకొని వెళ్ళారు. పదో రోజు మౌనం విడిచాక ఇద్దరు వచ్చి చేతులు పట్టుకొని చెప్పిన మాట ఇదే. చివరికి నీళ్ళ గొట్టం ఈడ్చుకుంటూ వచ్చిన తోటమాలి ‘ఎటెళ్ళాలి బాబూ?’ అని అడిగాడు. ఆ కేంద్రం పేరు చెప్పను, ఎందుకంటే అక్కడ ఎవరూ తప్పు చేయలేదు. నియమాన్ని అందరూ శ్రద్ధగా పాటించారు, నేను మాత్రం ఇరుక్కున్నాను.

ఇక్కడే అసలు విషయం ఉన్నది. శిబిరంలో పాటించే మౌనాన్ని ఆర్య మౌనం అంటారు. మాటే కాదు, సైగ, చూపు కలపడం, చీటీ రాయడం కూడా కూడదు. చూపున్న సాధకుడికి ఇందువల్ల పోయేది కబుర్లు మాత్రమే. అతనికి కావలసిన సమాచారమంతా కంటి ద్వారా మాట లేకుండానే అందుతూ ఉంటుంది. ఏ గంటకు ఏముందో నోటీసు బోర్డులో ఉంటుంది, గది తలుపు మీద అంకె ఉంటుంది, భోజనానికి వరుస ఎక్కడ మొదలైందో కనబడుతుంది, గురువుగారు ఎవరిని ముందుకు పిలుస్తున్నారో పక్కవాడు లేవడం చూసి తెలుసుకుంటాడు. మనకు ఇవన్నీ మాట ద్వారానో చేతి స్పర్శ ద్వారానో అందుతాయి. మౌనం మాటను ఆపుతుంది. ఎవరూ ఎవరినీ, స్త్రీ పురుషులే కాదు, పురుషుడు పురుషుడినైనా తాకకూడదన్న నియమం చేతిని ఆపుతుంది. అంటే ఒకే నియమం చూపున్నవాడి నోరు కడితే, చూపు లేనివాడి నోటితో పాటు దారిని కూడా కడుతుంది. ఇది తెలిసి ముందే సర్దుబాటు చేసుకుంటే శిబిరం మీ తమ్ముడికి చక్కగా సాగుతుంది, తెలియకుండా వెళితే మూడో రోజుకల్లా వెనక్కి వచ్చేస్తాడు.

ఆ సర్దుబాటు కోసం నియమాలను మార్చమని ఎవరినీ బతిమాలనక్కరలేదు. తిండి, వసతి, ఆరోగ్యం వంటి అవసరాలకు సాధకుడు నిర్వాహకులతో మాట్లాడవచ్చు, సాధన గురించిన సందేహాలకు ఆచార్యులతో మాట్లాడవచ్చు అని అదే నియమావళిలో ఉన్నది. చూపు లేనివాడికి దారి అడగడం వసతికి సంబంధించిన అవసరమే. కాబట్టి ‘సేవకుడు ఇతనికి దారి చెప్పడం మౌనభంగం కాదు’ అన్న ఒక్క మాటను శిబిరం మొదలయ్యే ముందే ఆచార్యులు, నిర్వాహకుడు, ఆ సేవకుడు, మీ తమ్ముడు నలుగురూ కలిసి ఒప్పుకోవాలి. ఈ ఒప్పందం మీ తమ్ముడికి తెలియడం మిగతావారికి తెలియడం కంటే ముఖ్యం. దారి తప్పినప్పుడు నోరు విప్పితే నియమం తప్పినట్టే అనుకొని నాలాగ నిలబడిపోయేవాళ్ళే ఎక్కువ.

స్పర్శ విషయం కొంచెం సున్నితమైనది. మామూలుగా మనం తోడు వచ్చినవారి మోచేతికి కాస్త పైన పట్టుకొని అర అడుగు వెనక నడుస్తాం. కొందరు ఆచార్యులు దీనికి వెంటనే ఒప్పుకుంటారు. కొందరు సందేహిస్తారు. ఒకచోట నాకు తువ్వాలు ఉపాయం చెప్పారు. మడిచిన తువ్వాలు ఒక కొస సేవకుడి చేతిలో, మరో కొస నా చేతిలో. నవ్వు వచ్చే దృశ్యమే, కానీ పది రోజులూ హాయిగా జరిగిపోయింది. తెల్ల కర్ర కొస పట్టుకొని లాక్కెళ్ళడం మాత్రం వద్దని ముందే చెప్పండి. మంచి ఉద్దేశంతోనే చాలామంది ఆ పని చేస్తారు, కానీ కర్ర గాల్లోకి లేస్తే మన కళ్ళు లేచిపోయినట్టే.

నిజానికి సేవకుడి అవసరం మొదటి రెండు రోజులే ఎక్కువ. ఆ తరువాత తాడు, పట్టా ఆ పని చేస్తాయి. బట్టలు ఆరేసే నైలాన్ తాడు ముప్పై నలభై మీటర్లు కొనుక్కొని వెళ్ళమనండి. గది నుంచి స్నానాల గదికి, గది నుంచి ధ్యానం చేసే హాలుకు, భోజనశాలకు నడుము ఎత్తులో కట్టించుకుంటే, చీలిక దగ్గర ఒక ముడి ఉంటే స్నానాల గది, రెండు ముడులుంటే హాలు, మూడైతే భోజనశాల అని గుర్తు పెట్టుకోవచ్చు. చూపున్నవారు రాత్రి పూట ఆ తాడుకు తగులుకోకుండా దానికి ఒక తెల్ల గుడ్డ పీలిక కట్టించండి. హాలు లోపల తాడు కుదరదు. అక్కడ చెప్పులు విడిచి ఒట్టి కాళ్ళతో నడుస్తారు గనుక, తలుపు నుంచి అతని ఆసనం దాకా ఒక సన్నని కొబ్బరి పీచు పట్టా పరిపిస్తే పాదమే దారి చూపిస్తుంది. ఆసనం గోడ పక్కన, వరుస చివర, తలుపుకు దగ్గరగా అడగండి. పెద్ద చప్పుడు చేసే ఫ్యాను కింద మాత్రం వద్దు. మనం గది వైశాల్యాన్నీ, ఎదుటి మనిషి దూరాన్నీ చప్పుడు తిరిగి వచ్చే తీరును బట్టి పోల్చుకుంటాం. ఫ్యాను హోరు ఆ ఆనవాళ్ళన్నిటినీ చెరిపేస్తుంది.

అడుగులు లెక్కపెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. నాకు దాని మీద నమ్మకం లేదు. నిద్రమత్తులో అడుగు చిన్నదవుతుంది, వాన వస్తే పెద్దదవుతుంది, మధ్యలో ఎవరైనా అడ్డొస్తే లెక్క పోతుంది. ఆనవాళ్ళు నేర్చుకోవడం మేలు. దారి ఎక్కడ పల్లమయ్యింది, సిమెంటు పోయి కంకర ఎక్కడ మొదలైంది, వంటశాల గిన్నెల చప్పుడు ఏ చెవికి తగులుతోంది, పొద్దున్న ఎండ ఏ చెంప మీద పడుతోంది, ఇవి పది రోజులూ మారవు. మీ తమ్ముడు ఇంకా కర్రతో నడవడంలో కొత్తవాడైతే, శిబిరానికి నెల ముందు నుంచి అలవాటు చేయించండి. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపే వేళ మొదట మంచిది, ఒక పక్క సముద్రం హోరు ఎప్పుడూ దిక్కు చెబుతూ ఉంటుంది. కొంచెం చేయి తిరిగాక తొట్లకొండకు తీసుకువెళ్ళండి. భీమిలి దారిలో కొండ మీద 1988లో మొదలైన తవ్వకాల్లో బయటపడిన ఆ బౌద్ధ ఆరామంలో భిక్షువుల గదుల గోడల పునాదులు వరుసగా ఉంటాయి, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు ఉంటాయి. ఆ తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చింది. అంచు వెంట కర్ర నడిపిస్తూ ఒక గది నుంచి మరో గదికి వెళ్ళడం నేర్చుకున్నవాడికి శిబిరం ఆవరణ పెద్ద కష్టం కాదు. తొట్ల దగ్గర మాత్రం చేయి వదలవద్దు. రెండు వేల ఏళ్ళ కింద అక్కడ కూర్చున్న భిక్షువుల్లో చూపు తగ్గిన ముసలివారు కూడా ఉండే ఉంటారు గదా, వారికి ఆ తొట్ల మధ్య దారి ఎవరు చూపారో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

శిబిరం దినచర్య మీ తమ్ముడికి కంఠస్థం కావాలి, ఎందుకంటే బోర్డు అతనికి అందదు. నాలుగింటికి లేవడం, నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ధ్యానం, తరువాత ఫలహారం, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా అందరూ కలిసి కూర్చోవడం, పదకొండు దాకా మళ్ళీ సాధన, పదకొండుకు భోజనం. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా విశ్రాంతి, ఆచార్యులతో విడిగా మాట్లాడే సమయమూ అదే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా సాధన, అందులో రెండున్నర నుంచి మూడున్నర సామూహికం. అయిదింటికి టీ, కొత్తవారికి పళ్ళు లేదా మరమరాల వంటి అల్పాహారం. ఆరు నుంచి ఏడు సామూహిక ధ్యానం, ఏడు నుంచి ఎనిమిదింబావు దాకా ప్రవచనం, తొమ్మిది దాకా సాధన, తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు. ఆ ఆర్పడంతో మనకు పని లేదు గాని, ఆ తరువాత చూపున్నవారు కూడా తడుముకుంటూ తిరుగుతారు, వాళ్ళను మనం తప్పించుకోవాలి.

ఈ దినచర్యలో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. తెలుగు ప్రవచనం వినేవారిని చాలాచోట్ల వేరే గదికి తీసుకువెళతారు. అంటే చీకటి పడ్డాక, రోజంతా అలవాటైన దారి కాకుండా కొత్త దారి. ఆ గదిని కూడా మొదటి రోజే చూపించమని అడగాలి. రెండోది, ఆచార్యులతో మాట్లాడాలంటే నిర్వాహకుడి దగ్గర కాగితం మీద పేరు రాయాలి. ఆ కాగితం ఉన్నదనే సంగతి నాకు నాలుగో రోజు దాకా తెలియలేదు. ప్రతిరోజూ ఫలహారం తరువాత సేవకుడే వచ్చి ‘ఇవాళ ఆచార్యులను కలవాలా?’ అని ఒక్కసారి అడిగితే చాలు.

భోజనం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వరుసలో నిలబడకుండా ఒకే కుర్చీ, ఒకే బల్ల కేటాయించి కంచం అక్కడికే తెచ్చిపెట్టాలి, పెట్టేటప్పుడు గడియారం ముళ్ళ లెక్కలో ‘మూడు దగ్గర కూర, తొమ్మిది దగ్గర పెరుగు’ అని మెల్లగా చెప్పాలి. అంతే. తడిమి తనవని గుర్తుపట్టడానికి చెప్పులకు ఒక దారం, నీళ్ళ సీసాకు రెండు రబ్బరు బ్యాండ్లు వేసుకొని వెళ్ళమనండి.

ఫోను మొదటి రోజే అప్పగించాలి. చూపున్నవారికి అది వినోదాన్ని వదలడం, మనకు మాత్రం గడియారాన్ని, చదువరిని, గుర్తుచేసే మనిషిని కలిపి వదలడం. మాట్లాడే గడియారం హాలులో పనికిరాదు. మూత తెరిచి ముళ్ళను వేలితో తడిమే బ్రెయిలీ గడియారం ఒకటి కొనండి. మీ తమ్ముడికి గ్లకోమా అన్నారు గనుక కంటి చుక్కల మందు ఇంకా వాడుతుంటే అది అన్నిటికంటే ముఖ్యం. చూపు పోయినా లోపలి ఒత్తిడి పెరిగితే నొప్పి మామూలుగా ఉండదు. చుక్కలు వేసుకునే వేళలు నిర్వాహకుడికి రాసి ఇచ్చి, ఆ వేళకు గుర్తు చేయమనండి. ఒకేసారి లీటరు నీళ్ళు గటగటా తాగే అలవాటు ఉంటే మానిపించండి, అది కంటి ఒత్తిడిని తాత్కాలికంగా పెంచుతుంది. అక్కడ ఉక్కపోతకు అందరూ చేసే పని అదే.

ఇప్పుడు ధ్యానం సంగతి. ‘మీకేమండీ, కళ్ళు ఎలాగూ మూసుకొనే ఉంటాయి, ధ్యానం తేలిక’ అన్న మాట మీ తమ్ముడు కనీసం పదిసార్లు వింటాడు. అది నిజం కాదు. చూపు లేనివాడి మనసు చెవి వెంట పరుగెత్తుతుంది. ఆరో రోజుకు నా చుట్టూ కూర్చున్నవారి పేర్లు తెలియవు గాని, ఎవరి దగ్గు ఎవరిదో, ఎవరి మోకాలు ఎన్నో నిమిషానికి చిటుక్కుమంటుందో లెక్కగా తెలిసింది. చూపున్నవాడు కళ్ళు మూసి తన పెద్ద తలుపు వేసుకోగలడు, మనం చెవులు మూయలేం. అయితే దీనికి ఎదురుగా ఒక అనుకూలత కూడా ఉన్నది. ఈ పద్ధతిలో చూసే పని ఏదీ లేదు. మొదటి మూడున్నర రోజులు ఆనాపాన, అంటే ముక్కు రంధ్రాల దగ్గర, పై పెదవి మీద లోపలికి బయటికి పోయే శ్వాసను గమనించడం. నాలుగో రోజు మధ్యాహ్నం విపశ్యన చెబుతారు, అంటే తల నుంచి పాదాల దాకా ఒక్కొక్క అవయవంలో పుట్టే స్పర్శలను, వేడిని, నొప్పిని, తిమ్మిరిని ఉన్నవి ఉన్నట్టు తెలుసుకోవడం. ఊహాచిత్రం వద్దు, మంత్రం వద్దు, రూపం వద్దు. బర్మాలో పుట్టి, ఊబా ఖిన్ అనే ధ్యాన గురువు దగ్గర నేర్చుకొని, 1969లో మన దేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టిన సత్యనారాయణ గోయెంకా నేర్పిన తీరు ఇది. ఆయన 2013లో కన్నుమూసినా ఇప్పటికీ ఆయన రికార్డు చేసిన గొంతుతోనే బోధన జరుగుతుంది. బోధన అంతా వినికిడి మీద నడిచేది కావడం మనకు కలిసివచ్చిన సంగతి. దీపాన్నో బిందువునో చూస్తూ చేసే త్రాటకం, తెరచిన కళ్ళతో జ్యోతిబిందువు మీద దృష్టి నిలిపే బ్రహ్మకుమారీల రాజయోగం వంటి పద్ధతులు ఈమధ్యనే చూపు పోయినవారిని అనవసరంగా బాధపెడతాయి. వాటిని తక్కువ చేయడం లేదు, మీ తమ్ముడి స్థితికి ఏది సరిపోతుందో చెబుతున్నాను.

ఆచార్యులకు ముందే చెప్పవలసిన విషయాలు మూడు ఉన్నాయి, వీటిని సాధారణంగా ఎవరూ చెప్పరు. చూపు పోయిన కొందరికి లేని బొమ్మలు కనబడుతూ ఉంటాయి. ముఖాలు, గళ్ళు, తీగలు, చిన్న చిన్న మనుషులు. 1760లో చార్లెస్ బోనే అనే స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు తన తాతగారికి ఇలా జరగడం చూసి రాశాడు, అందుకే ఆ స్థితికి ఆయన పేరే వచ్చింది. కంటి నుంచి సమాచారం ఆగిపోయినప్పుడు మెదడులో చూపుకు సంబంధించిన భాగం తనంతట తాను బొమ్మలు అల్లుకోవడం ఇది, మతిభ్రమణం కాదు. చుట్టూ సద్దు తగ్గినప్పుడు ఇవి ఎక్కువగా కనబడవచ్చు. విషయం తెలియనివాడు ఐదో రోజున వీటిని దివ్యదర్శనం అనుకొని మురుస్తాడు, లేదంటే పిచ్చి పడుతోందని భయపడతాడు. మీ తమ్ముడికి ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని అడగండి. చాలామంది సిగ్గుపడి ఇంట్లో చెప్పరు. చెప్పిన తరువాత చేయవలసింది సులువే. బొమ్మ వచ్చిందని తెలుసుకొని మళ్ళీ శ్వాస మీదికో శరీరం మీదికో రావడం.

రెండోది నిద్ర. వెలుతురు ఏ కొంచెమూ తెలియనివారిలో చాలామందికి శరీరం లోపలి గడియారం ఇరవై నాలుగు గంటలకు సరిగ్గా కట్టుబడి ఉండదు, రోజుకు కొంచెం కొంచెంగా జరుగుతూ పోతుంది. ఆ గడియారాన్ని సరిదిద్దేది కంటి మీద పడే వెలుతురే. అందుచేత కొన్ని వారాలు రాత్రి నిద్ర బాగా పట్టి, కొన్ని వారాలు పగలే ముంచుకొస్తుంది. ఆ చెడ్డ వారాల్లో శిబిరం పడితే మధ్యాహ్నం రెండు గంటలకు హాలులో తల వాలిపోతుంది, ఆచార్యులు అది బద్ధకమనుకోవచ్చు. మీ తమ్ముడికి ఈ లక్షణం ఉంటే రెండు నెలలు నిద్ర వేళలు రాసిపెట్టి, మంచి వారాల్లో వచ్చే శిబిరానికి దరఖాస్తు చేయించండి. నిద్ర వేళను సరిదిద్దడానికి డాక్టరు మెలటోనిన్ అనే మందు ఇస్తుంటే దరఖాస్తులో మందుల గడిలో తప్పక రాయండి.

మూడోది మీ తమ్ముడికి వర్తించకపోవచ్చు గానీ, ఇది చదివే మరెవరికైనా పనికివస్తుంది. పుట్టుకతో చూపు లేనివారిలో కొందరికి కూర్చున్నచోట ముందుకూ వెనక్కూ ఊగే అలవాటు ఉంటుంది. విపశ్యన నేర్పిన తరువాత రోజుకు మూడు సార్లు గంటసేపు కాళ్ళు, చేతులు కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చోవాలి, దాన్ని అధిష్ఠానం అంటారు. ఊగే అలవాటును అశాంతిగానో మొండితనంగానో అర్థం చేసుకునే ప్రమాదం ఉన్నది. ముందు చెబితే ఆచార్యులు ఓపిక పడతారు.

చూపు పోయి మూడేళ్ళే అయింది గనుక మరొక మాట కూడా అడగాలి. మీ తమ్ముడు ఆ దుఃఖంలో నుంచి కొంతైనా బయటపడ్డాడా? ఉద్యోగానికి తిరిగి వెళుతున్నాడు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసుకుంటున్నాడు అని మీరు రాశారు, అది మంచి గుర్తు. చూపు పోయిన మొదటి ఏడాదిలో, రాత్రులు ఏడుస్తూ, మందులు మార్చుకుంటూ ఉన్నవారిని ఈ శిబిరానికి పంపడం నాకు ఇష్టం ఉండదు. పది రోజులు మాట లేకుండా తనతో తాను ఉండడం అప్పుడు భారమవుతుంది. మానసిక ఆరోగ్యం గురించి దరఖాస్తులో ప్రశ్నలుంటాయి, వాటికి దాచకుండా జవాబు రాయించండి. ‘పది రోజులెందుకు, ఒక్క రోజు శిబిరంతో మొదలుపెడదాం’ అనుకుంటారేమో, ఒక రోజు, మూడు రోజుల శిబిరాలు పది రోజులు పూర్తి చేసినవారికి మాత్రమే. కొత్తవారు ముందుగా కొన్ని నిమిషాల ఆనాపానను ఇంట్లో అభ్యసించి చూడవచ్చు.

ఇక కేంద్రానికి రాయవలసిన ఉత్తరం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, తగిన సర్దుబాట్లు చేయకపోవడాన్ని కూడా వివక్షగానే పరిగణిస్తుంది. ఆ చట్టం ఉన్నదని తెలిసి ఉండడం మంచిదే, కానీ మొదటి ఉత్తరంలోనే దాన్ని ముందుకు తేవద్దు. అక్కడ ఉండేవారు జీతం తీసుకోని సేవకులు, శిబిరానికి రుసుము లేదు, విరాళం కూడా శిబిరం పూర్తి చేసినవారి నుంచే తీసుకుంటారు. వాళ్ళ భయం చూపు లేనివాడి మీద అయిష్టం కాదు, ఏమి చేయాలో తెలియకపోవడం. ఏమి చేయాలో మీరే చెబితే సగం భయం పోతుంది. మీ తమ్ముడి పేరుతోనే, అతని మాటల్లోనే ఇలా రాయించవచ్చు:

‘నాకు చూపు పూర్తిగా లేదు. తెల్ల కర్రతో నడుస్తాను, స్నానం, భోజనం, బట్టలు ఉతుక్కోవడం స్వయంగా చేసుకుంటాను. నాకు కావలసినవి నాలుగు. శిబిరం మొదలయ్యే రోజు మధ్యాహ్నం పన్నెండుకే వచ్చి, ఒక సేవకుడితో కలిసి దారులన్నీ రెండు మూడు సార్లు నడిచి చూసుకునే అవకాశం. స్నానాల గదికి దగ్గరగా ఒక గది, హాలులో గోడ పక్కన ఆసనం. దారి తప్పినప్పుడు సేవకుడిని అడగడానికి, అతను జవాబు చెప్పడానికి ఆచార్యుల అనుమతి. ఆవరణలో ఏదైనా మార్పు జరిగితే, బకెట్టో కుర్చీయో దారిలో పెట్టవలసి వస్తే, నాకు చెప్పడం. మిగతా నియమాలన్నీ అందరితో సమానంగా పాటిస్తాను.’

ఉత్తరం పంపిన వారం తరువాత ఫోను చేయండి. దరఖాస్తులు చూసే మనిషికే కాక, ఆ శిబిరం నడిపే ఆచార్యులకు కూడా ఈ ఉత్తరం చేరిందా అని అడగండి. ‘ఈసారి సేవకులు తక్కువ’ అని చెబితే అది సాకు కాకపోవచ్చు, వచ్చే శిబిరానికి పేరు నమోదు చేయమనండి. ఇద్దరు ముగ్గురు చూపు లేని సాధకులను ఒకే శిబిరానికి కలిపి పంపడం కేంద్రానికి తేలిక. ఒకసారి కట్టిన తాడు, పరిచిన పట్టా అందరికీ పనికివస్తాయి.

మన వైపు నుంచి వెళ్ళడానికి వీలైనది ఏలూరు నుంచి చింతలపూడి వెళ్ళే దారిలో విజయరాయి దగ్గర ఉన్న ధమ్మ విజయ. హైదరాబాద్‌లో వనస్థలిపురం దాటాక ధమ్మ ఖేత్త ఉన్నది, కానీ మొదటిసారికి ఏలూరే దగ్గర. విశాఖలో పొద్దున్నే బయలుదేరే జన్మభూమి ఎక్కితే మధ్యాహ్నానికి ముందే ఏలూరులో దిగవచ్చు. రైల్వే ఇచ్చే దివ్యాంగుల రాయితీ కార్డు ఉంటే స్లీపర్, మూడో తరగతి ఏసీ, చైర్ కార్‌లో టిక్కెట్టు ధరలో 75 శాతం తగ్గుతుంది, తోడు వచ్చే ఒకరికీ అదే రాయితీ. మీరు తోడు వెళ్ళవలసింది ఇక్కడే. కేంద్రం గేటు దాకా వెళ్ళి, సేవకుడికి అప్పగించి, తాడు కట్టించి తిరిగి రండి.

తిరుగు ప్రయాణానికి మాత్రం పదకొండో రోజు పొద్దున టిక్కెట్టు తీసుకోండి, పదో రోజు సాయంత్రం కాదు. పదో రోజు పది గంటల ప్రాంతంలో మౌనం విడుస్తారు. తొమ్మిది రోజులు నిశ్శబ్దంగా ఉన్న ఆవరణలో అరవై డెబ్బై మంది ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెడతారు. చూపున్నవారికి అది పండుగ, మనకు మాత్రం అప్పటిదాకా దారి చెప్పిన చిన్న చిన్న చప్పుళ్ళన్నీ ఆ గోలలో మునిగిపోతాయి, ఎరిగిన దారే తప్పిపోతుంది. తొమ్మిది రోజులు ఒక్కసారి కూడా తడబడని నేను ఒక శిబిరంలో పదో రోజు మధ్యాహ్నమే గుమ్మం తగిలి పడ్డాను. ఆ రెండు గంటలు గది దగ్గర గోడకు ఆనుకొని కూర్చోమనండి, పలకరించాలనుకున్నవాళ్ళు వాళ్ళే వస్తారు.